టాపిక్ పెట్టి కబుర్లు చెప్పుకోమంటే ఎలాగండీ?

"స్నేహితుల గ్రూపుల్లో సినిమా, షేర్లు, రాజకీయం, ఇంటి గోల అన్నీ కలిపి వాగుతుంటారు, అంతా టైమ్ వేస్ట్ కాదా, ఒక టాపిక్ పెట్టుకుని పద్ధతిగా చర్చించుకోవచ్చు కదా" అని అడిగారు. పద్ధతిగా చర్చించుకునే గ్రూపు ఒకటి నా ఫోన్లో ఉంది. అందులో గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప ఇంకేమీ రావు.

అది అలా ఎందుకు తయారైందో చెప్తాను. 2024 నవంబర్లో న్యూయార్క్‌లో సోథబీస్ వాళ్ల వేలంలో, గోడకి టేపుతో అంటించిన అరటిపండు ఒకటి 62 లక్షల డాలర్లకి అమ్ముడైంది. మౌరిజియో కాటెలాన్ అనే ఇటలీ కళాకారుడిది. ఆ గ్రూపులో అందరం పాత కాలేజీ వాళ్లమే. ఒకడు ఆ ఫోటో పెట్టి "రేపు నా చెప్పు అంటిస్తా, ఎవడైనా కొంటాడా?" అన్నాడు. అప్పటిదాకా చడీచప్పుడు లేని గ్రూపు ఒక్కసారిగా లేచి కూర్చుంది.

మాలో అకౌంట్లు చూసేవాడు ఒకడున్నాడు. "ఒరేయ్, వాళ్లు కొన్నది పండు కాదురా, సర్టిఫికెట్" అన్నాడు. నిజమే. కొన్నవాళ్లకి ఇచ్చేది ఒక కాగితం, ఎలా అంటించాలో సూచనలు. పండు కుళ్లితే ఇంకోటి తెచ్చి అంటించుకోవచ్చు. "అయితే నీ షేర్లు కూడా అంతేగా, కాగితమేగా?" అని ఇంకొకడు. అక్కడి నుంచి మాట క్రిప్టోకి, అదే కంప్యూటర్లలో మాత్రమే ఉండే డబ్బుకి, మళ్లింది. ఎందుకంటే ఆ పండు కొన్న జస్టిన్ సన్‌ది క్రిప్టో వ్యాపారమే. కొని ఊరుకున్నాడా, హాంకాంగ్‌లో అందరినీ పిలిచి తినేశాడు కూడా.

ఎప్పుడూ నోరు విప్పని సీనియర్ అక్క ఒకావిడ అప్పుడు రంగంలోకి దిగింది. మార్సెల్ డూషాంప్ అనే కళాకారుడు 1917లోనే మూత్రశాలలో వాడే తొట్టిని 'ఫౌంటెన్' అని పేరుపెట్టి ప్రదర్శనకి పంపాడట. అసలుది ఎప్పుడో పోయింది, ఇప్పుడు మ్యూజియాల్లో జనం కళ్లార్పకుండా చూసేవి 1964లో చేయించిన నకళ్లట. "అక్కా, ఇన్నాళ్లూ ఎక్కడున్నావే" అని అందరం నవ్వుకున్నాం. కళ గురించి నేను నేర్చుకున్నదంతా ఆ రాత్రి నేర్చుకున్నదే. మ్యూజియం టికెట్ కొనుక్కుని పోతే ఇంత ఎక్కదు.

తర్వాత ఎవరో ఆ వేలం వేసిన పండుని బయట బండి మీద 35 సెంట్లకి కొన్నారని, అమ్మిన ముసలాయన గంట కూలికి పనిచేస్తాడని రాశారు. ఇక చూడండి! కూలి, పన్నులు, ఎవరి ప్రభుత్వం ఏం చేసింది, అన్నీ వరసగా వచ్చేశాయి. కొంచెం వేడెక్కింది, కాదనను. వెంటనే అడ్మిన్‌గారు ఊడిపడ్డారు: "దయచేసి ఇక్కడ రాజకీయాలు వద్దు. రోజుకో టాపిక్ నేనే ఇస్తాను."

35 సెంట్లకి, 62 లక్షల డాలర్లకి మధ్య ఉన్నదంతా రాజకీయమే కదండీ! దాన్ని తీసేస్తే మిగిలేది ఒట్టి పండే. మర్నాడు ఆయనిచ్చిన టాపిక్ 'సమయపాలన'. ఇద్దరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, అంతే. అక్క మళ్లీ కనిపించలేదు.

రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త 1990ల్లో జనం మామూలుగా మాట్లాడుకునే మాటలు విని లెక్కేస్తే, మూడింట రెండు వంతులు మనుషుల గురించిన ముచ్చట్లేనని తేలింది. అంటే మనం పుట్టిందే ఇందుకు.

ఆన్‌లైన్లో వచ్చే అసలు ఇబ్బంది వెటకారం అర్థంకాకపోవడం. 1982లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్ల మీద ఇలాగే సరదాగా మాట్లాడుకుంటూ, లిఫ్ట్‌లో పాదరసం ఒలికిందని ఒకరు జోకేస్తే కొందరు నిజమే అనుకున్నారు. ఆ గోల పడలేకే స్కాట్ ఫాల్మన్ అనే ప్రొఫెసర్ జోకుల పక్కన రెండు చుక్కలు, గీత, బ్రాకెట్ పెట్టమన్నాడు. ఈరోజు మనం పంపే నవ్వు బొమ్మలకి ఆయనే తాత. చూశారా, అప్పట్లో జోకు వికటిస్తే గుర్తు కనిపెట్టారు. జోకులు మానేయమన్నవాడి పేరు ఎవరికైనా గుర్తుందా?

వద్దు అనాల్సినవి వేరే ఉన్నాయి. నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ ఒకటి. రెండు లైన్లు టైప్ చేయడానికి బద్ధకించి, దగ్గు, హారన్ మోతలతో సహా మన చెవిలో పోస్తారు. ఇంకోటి, ఇంత రాస్తే బదులుగా వచ్చే ఉత్త బొటనవేలు. మీ గ్రూపులో రూల్ పెట్టి తీరాలనుంటే ఈ రెంటి మీద పెట్టండి, నేనూ సంతకం పెడతాను.