డాక్టర్ సలహా: విమానంలో చెవినొప్పి, చలికాలంలో ఆయాసం... స్కూబా డైవింగ్ చేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 48. మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి, అల్లుడు సంక్రాంతి సెలవులకు మమ్మల్ని అండమాన్ తీసుకెళ్తామంటున్నారు. హావ్‌లాక్ ద్వీపంలో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) మొదటి రోజు ఒడ్డు నుంచే నీళ్లలోకి దిగి, మర్నాడు పడవలో వెళ్లి స్కూబా డైవింగ్ చేయాలని వాళ్ల ఆలోచన. నాకు ఈత రాదు. విమానం కిందికి దిగేటప్పుడు చెవులు పగిలిపోతాయేమో అన్నంత నొప్పి వస్తుంది. చిన్నప్పుడు ఆస్తమా ఉండేది. ఇప్పుడు చలికాలంలో వారానికి రెండు మూడుసార్లు ఇన్‌హేలర్ పీల్చాల్సి వస్తోంది. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. పగడపు దిబ్బలను దగ్గరగా చూడాలని ఎప్పటినుంచో కోరిక. అండమాన్ కుదరకపోతే కర్ణాటక తీరంలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి ద్వీపానికైనా వెళ్లవచ్చా? ఒడ్డు నుంచి దిగడం మంచిదా, పడవలో వెళ్లడం మంచిదా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అసలు మాట ముందే చెబుతాను. ఈ సంక్రాంతికి మీరు స్కూబా డైవింగ్ చేయవద్దు. ఈత రాదనో, చెవి నొప్పి వస్తుందనో ఈ మాట అనడం లేదు. వారానికి రెండు మూడుసార్లు ఇన్‌హేలర్ అడుగుతున్న మీ ఆస్తమా వల్లే వద్దంటున్నాను. పగడాలను చూడాలన్న కోరిక తీరే దారి వేరే ఉంది, అది కూడా రాస్తాను. చెవి సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. మీరు ఇప్పుడు డైవింగ్ చేయకపోయినా మీ అమ్మాయి, అల్లుడు చేస్తారు కాబట్టి అది వాళ్లకూ పనికొస్తుంది.

నీటి బరువు మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువ. పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఒంటి మీద ఒత్తిడి రెట్టింపు అవుతుంది. కండరం, ఎముక, రక్తం ఆ ఒత్తిడిని ఇట్టే తట్టుకుంటాయి. ఇబ్బందంతా గాలి నిండి ఉన్న చోట్లతోనే. అంటే నడిమి చెవి, సైనస్‌లు, ఊపిరితిత్తులు. ఒత్తిడి రెట్టింపయితే అక్కడి గాలి సగానికి కుంచించుకుపోతుంది, పైకి వచ్చేటప్పుడు మళ్లీ వ్యాకోచిస్తుంది. అందుకే నీళ్లలోకి దిగేటప్పుడు చెవి ఇబ్బంది పెడుతుంది, పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తులు ప్రమాదంలో పడతాయి.

మీ విమానం అనుభవాన్నే లెక్కలోకి తీసుకుందాం. విమానం ఎత్తులో ఉన్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి నేల మీద ఉండే దానిలో సుమారు ముప్పాతిక వంతుకు, అంటే 75 శాతం దాకా పడిపోతుంది. కిందికి దిగేటప్పుడు ఆ మిగతా పాతిక శాతం మెల్లగా, దాదాపు అరగంటలో తిరిగి చేరుతుంది. నీటిలో అంతే మార్పు రావడానికి రెండున్నర మీటర్ల లోతు చాలు, అక్కడికి చేరడానికి నిమిషం కూడా పట్టదు. అరగంటలో సర్దుకోలేని చెవి నిమిషంలో ఎలా సర్దుకుంటుంది? (బెంగళూరులో దిగినప్పటి కంటే చెన్నైలో దిగినప్పుడు మీకు నొప్పి ఎక్కువగా ఉంటుందేమో ఒకసారి గుర్తు చేసుకోండి. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ ఒత్తిడి మార్పు తక్కువ.)

నడిమి చెవి నుంచి ముక్కు వెనుక భాగానికి యూస్టేషియన్ నాళం అనే సన్నని గొట్టం ఉంటుంది. గుటక వేసినప్పుడో, ఆవులించినప్పుడో అది క్షణం పాటు తెరుచుకుని గాలిని లోపలికి పంపుతుంది. డైవర్లు ముక్కు మూసుకుని మెల్లగా ఊదడం, ముక్కు మూసుకుని గుటక వేయడం దీని కోసమే. ఇక్కడే చాలామంది తడబడతారు. నొప్పి మొదలయ్యాక ఊదుతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. సుమారు 1.2 మీటర్ల లోతుకే, అంటే నిలువెత్తు కూడా లేని నీటిలోనే, చెవిని సర్దకుండా వదిలేస్తే బయటి ఒత్తిడికి ఆ గొట్టం మూతి బిగుసుకుపోవచ్చు. ఆ తర్వాత ఎంత ఊదినా తెరుచుకోదు. గట్టిగా ఊదితే లోపలి చెవికి గాయం కూడా కావచ్చు. కాబట్టి తల నీట మునగకముందే ఒకసారి, ఆపైన ప్రతి అర మీటరుకూ ఒకసారి, నొప్పి తెలియక మునుపే సర్దుకుంటూ దిగాలి. సర్దుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ కాకపోతే ఆ రోజుకు డైవింగ్ మానేయాలి. కట్టిన డబ్బులు పోతాయని నొప్పి ఓర్చుకుని దిగకూడదు.

ఓర్చుకుని దిగినవారు సెలవులు ముగిశాక మాలాంటి చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గరికి వస్తారు. చెవి లోపలికి చూసే ఆటోస్కోపు అనే పరికరంతో చూస్తే, లేత బూడిద రంగులో మెరుస్తూ ఉండాల్సిన కర్ణభేరి ఎర్రగా కమిలి ఉంటుంది. చిన్న ఎముక ఆనుకుని ఉండే చోట నెత్తుటి చారలు, వెనుక నీరో రక్తమో నిలిచి, వాళ్ల మాట వాళ్లకే కుండలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంటుంది. చాలావరకు కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది. అయితే వీరిలో కొందరు అప్పటికే ఇంట్లో పెద్దల మాట విని వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసుకుని వస్తారు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా నడిమి చెవిలోకి పోతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. డాక్టరు చూడకముందు చుక్కల మందు కూడా వద్దు.

డైవింగ్ సంగతి ఎలా ఉన్నా, విమానంలో అంత నొప్పి వస్తోంది కాబట్టి మీరు ఒకసారి చెవి పరీక్ష చేయించుకోండి. టింపనోమెట్రీ అనే చిన్న పరీక్షతో నడిమి చెవిలో ఒత్తిడి ఎలా ఉందో తెలుస్తుంది. డాక్టరు ఆటోస్కోపుతో చూస్తుండగా మీరు ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే కర్ణభేరి కదులుతోందో లేదో కంటికే కనబడుతుంది. ముక్కులో అలర్జీ ఉండి గొట్టం వాస్తోందంటే కొన్ని వారాలు స్ప్రే వాడి సరిచేయవచ్చు. ఆస్తమా ఉన్నవారిలో ఈ అలర్జీ తరచూ తోడుగా ఉంటుంది.

ఇక ఊపిరితిత్తులు. స్కూబాలో వీపున ఉన్న సిలిండరు నుంచి మనం పీల్చేది చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో వచ్చే గాలి. పది మీటర్ల లోతులో నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు అవుతుంది. ఊపిరి వదులుతూ వస్తే ఏమీ కాదు. బిగబట్టి వస్తే ఊపిరితిత్తి చిరిగి, గాలి బుడగలు రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరవచ్చు. నిండా పీల్చి బిగబడితే మీటరు పైచిలుకు లోతు నుంచి వచ్చినా ఇది జరగవచ్చు. డైవింగ్ నేర్పేవారు 'ఎప్పుడూ ఊపిరి బిగబట్టవద్దు' అని పదేపదే చెప్పేది అందుకే. ఆస్తమాలో చిక్కేమిటంటే, మీరు బిగబట్టకపోయినా మూసుకుపోయిన శ్వాసనాళం వెనుక గాలి చిక్కుకుని ఉండవచ్చు. పైగా సిలిండరులోని గాలి పొడిగా ఉంటుంది, లోతులో చిక్కగా అవుతుంది, సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌లోంచి ఉప్పునీటి తుంపర గొంతులో పడుతుంది, అలలకు ఎదురుగా కాళ్లాడించాలి. ఆయాసాన్ని రేపే కారణాలన్నీ ఒక్కచోట కలుస్తాయి. ఒడ్డున అయితే ఇన్‌హేలర్ తీస్తారు, నీళ్లలో ఏం చేస్తారు?

ఆస్తమా ఉన్నవారెవరూ ఎప్పటికీ డైవింగ్ చేయకూడదని నేను అనను. రోజువారీ మందుతో పూర్తిగా అదుపులో ఉండి, చలికో పరుగుకో ఆయాసం రాకుండా, ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష మామూలుగా ఉంటే, వ్యాయామం చేశాక కూడా ఆ అంకెలు పడిపోకపోతే, ఊపిరితిత్తుల నిపుణులు అనుమతి ఇచ్చే అవకాశం ఉంది. గత 48 గంటల్లో ఆయాసానికి ఇన్‌హేలర్ వాడాల్సి వచ్చినవారు మాత్రం దిగకూడదు. మీకు కావలసింది ముందు క్రమం తప్పని చికిత్స. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పీల్చే ఇన్‌హేలర్‌తో నెట్టుకురావడం డైవింగ్ చేయనివారికీ మంచిది కాదు.

మీ బీపీ మాత్ర పేరు రాయలేదు. అటెనొలాల్, మెటొప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్ అయితే ఈ వారమే మీ డాక్టరుకు ఆస్తమా సంగతి చెప్పండి, ఈ రకం మందులు శ్వాసనాళాలను బిగుసుకుపోయేలా చేస్తాయి. అయితే ఉన్నట్టుండి మీ అంతట మీరు ఆపవద్దు. నీటిలో మునిగినప్పుడు కాళ్లూ చేతుల్లోని రక్తం ఛాతీ వైపు మళ్లి గుండెపై భారం పెరుగుతుంది కాబట్టి బీపీ అదుపులో ఉండటం ముఖ్యం. జలుబుకు వాడే సూడోఎఫిడ్రిన్ మాత్రలు బీపీని పెంచుతాయి. ఎవరైనా సరే జలుబుతో ఉన్నప్పుడు మందు వేసుకుని దిగకూడదు. లోతులో ఉండగా మందు ప్రభావం తగ్గితే పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి చిక్కుకుపోతుంది.

డైవింగ్‌కు ముందు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నల ఫారం గురించి ఒక మాట. పడవ ఎక్కే హడావిడిలో అన్నింటికీ 'లేదు' అని టిక్కు పెట్టేసేవారు చాలామంది. 45 ఏళ్లు దాటాయా అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది. ఆస్తమా, బీపీ, చెవి ఆపరేషన్, మూర్ఛ, గతంలో ఊపిరితిత్తి కుంచించుకుపోవడం వంటివి దాస్తే మీతో పాటు నీటిలోకి దిగే శిక్షకుడి ప్రాణం కూడా చిక్కులో పడుతుంది. ఫారాన్ని ముందే ఈమెయిల్‌లో తెప్పించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంకొకటి, మీరు అడగలేదు గానీ, మీ అమ్మాయి గర్భవతి అయినా, ఆ అవకాశం ఉందనిపించినా డైవింగ్ చేయకూడదు.

ఒడ్డా, పడవా అన్నారు. మొదటిసారి దిగేవారి చెవికి ఒడ్డే మేలు. హావ్‌లాక్‌లోని నెమో రీఫ్ వంటి చోట లోతు మెల్లగా పెరుగుతుంది, చెవి సర్దుకోకపోతే నిలబడిపోవచ్చు. అయితే సిలిండరు, సీసపు బరువులు కలిపి సామాను ఇరవై కిలోలు దాటుతుంది. మోకాళ్లు, నడుము బాగా లేనివారు నడుము లోతు నీటిలోకి వెళ్లాకే దాన్ని తగిలించమని శిక్షకుడిని అడగాలి. పడవ నుంచి దిగేటప్పుడు లంగరు తాడు పట్టుకుని, కాళ్లు కిందికి ఉంచి, ఒక్కో చేతి దూరం చొప్పున దిగితే చెవికి సమయం దొరుకుతుంది. నేత్రాణికి ఒడ్డు నుంచి దాదాపు 20 కిలోమీటర్లు సముద్రంలో వెళ్లాలి, కాబట్టి అక్కడ పడవ తప్ప దారి లేదు. ఆ ఊపుకు వాంతులయ్యేవారు అవోమిన్ వంటి మాత్ర వేసుకుంటారు. అది మత్తు తెస్తుంది. మత్తులో డైవింగ్ చేయకూడదు. ఏ మాత్ర పడుతుందో సెలవు రోజున ఇంట్లో ఉండగానే వేసుకుని చూడాలి.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ అడగరు. నాకు మాత్రం అదే ఎక్కువ భయం. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. పోకముందే ఎత్తుకు వెళ్తే బుడగలుగా మారుతుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. మధ్యాహ్నం మూడింటికి రెండో డైవ్ ముగించి, సాయంత్రం ఓడలో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) చేరి, మర్నాడు ఉదయం ఏడింటి విమానం ఎక్కితే పదహారు గంటలే అవుతాయి. మీ అల్లుడిగారికి ఈ లెక్క చూపించి టికెట్లు మార్పించండి. నేత్రాణి నుంచి వచ్చేవారు కారే కదా అనుకుంటారు. హొన్నావర నుంచి ఘాట్ ఎక్కి వచ్చేది 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరుకే. ఆ రాత్రి మురుడేశ్వర్‌లోనే పడుకుని మర్నాడు బయలుదేరాలి.

మీ కోరిక సంగతి. హావ్‌లాక్‌లో ఒడ్డు దగ్గర, అలలు లేని ఉదయం పూట, లైఫ్ జాకెట్ వేసుకుని, శిక్షకుడి చేయి పట్టుకుని స్నార్కెలింగ్ చేయండి. నీటి పైనే తేలుతూ ముఖం ముంచి చూడటమే కాబట్టి చెవి, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి సమస్య ఉండదు. ఆయాసం ఆ వారంలో రాకుండా ఉంటేనే దిగండి. ఇన్‌హేలర్ ఒడ్డున ఇంటివారి చేతిలో ఉండాలి. నీళ్లంటే భయం పోకపోతే అడుగున గాజు అమర్చిన పడవలున్నాయి. పగడాలను ముట్టుకోవద్దు, అవి ప్రాణులు, 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి. గీసుకుంటే ఆ గాయం మానడానికి చాలా రోజులు పడుతుంది. శుభ్రమైన నీటితో బాగా కడిగి, చీము పడుతుందనిపిస్తే డాక్టరుకు చూపించాలి.

డైవింగ్ చేసి వచ్చిన మీ పిల్లలకు ఒక రోజు లోపల కీలు నొప్పి, చర్మంపై మచ్చలు, తిమ్మిరి, కాళ్ల బలహీనత, మూత్రం రాకపోవడం వంటివి కనిపిస్తే ప్రయాణం బడలిక అనుకోవద్దు. ఆక్సిజన్ పెట్టించి, డైవింగ్ చేసిన సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి. చెవి దిబ్బడ మూడు రోజుల్లో తగ్గకపోతే పరీక్ష చేయించుకోవాలి. తల తిరగడంతో పాటు వినికిడి తగ్గినా, చెవిలో హోరు మొదలైనా ఆ రోజే, రాత్రయినా సరే, చెవి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.