బుల్లి విమానానికి సీటు బెల్టులు చేసే కుర్రాడికి ఏ చదువు?

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. మా అబ్బాయి పదో తరగతి. ప్లాస్టిక్ విమానాల కిట్లు తెప్పించుకుని అతికించడం వాడికి అలవాటు. మొదట్లో పెట్టెలో ఏమొస్తే అవే అతికించేవాడు. ఇప్పుడు 1/48 స్కేలు మిగ్-21 ఒకటి పట్టుకుని, కిట్‌లో వచ్చిన సీటూ, చక్రాల గుంటలూ బాగాలేవని పక్కన పడేసి అన్నీ సొంతంగా చేస్తున్నాడు. పాత ఛార్జర్ వైర్లలోని రాగి తీగలు, ఇంజెక్షన్ సూదులు, మందుబిళ్లల రేకులు, అన్నీ వాడి బల్ల మీదే. దీన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారట. మార్కులు 80 శాతం దగ్గర ఉన్నాయి. ఇంటర్‌కి వచ్చేవాడికి ఈ బొమ్మలాటలేంటని మావారి కోపం. రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో వేసి, విమానాలంటే ఇష్టం కదా, ఏరోనాటికల్ చేయిద్దామంటారు. వాడేమో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, దానికి గాలి అందించే కంప్రెసర్ కొనమని గొడవ. ఈ పిచ్చి మాన్పించాలా? దీంట్లో భవిష్యత్తు ఏమైనా ఉందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట విమానం గురించి కాదు, సీటు గురించి. కిట్‌లో వచ్చిన సీటు బాగాలేదని తీసి పక్కన పెట్టాడు చూశారా, మీ బాబు సంగతి అక్కడే తెలిసిపోతోంది.

విమానం బొమ్మలతో కాలం గడిపే పిల్లలందరికీ ఒకటే ఇష్టం ఉండదు. కొందరికి చరిత్ర కావాలి: ఏ స్క్వాడ్రన్, ఏ యుద్ధం, తోక మీద ఏ నంబరు. కొందరికి ఎగరడం కావాలి. వాళ్లు థర్మోకోల్‌తోనో బాల్సా చెక్కతోనో రెక్క చేసి, అది ఎందుకు పడిపోయిందో తేలేదాకా నిద్రపోరు. ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌కి సరిగ్గా సరిపోయేది ఈ రెండో రకం. మీవాడు చేస్తున్న మిగ్ ఎప్పటికీ ఎగరదు, ఎగరాలని వాడికీ లేదు. ఒక చిన్న భాగం అసలుది ఎలా ఉందో అలా ఎందుకు రాలేదు, నేను చేస్తే వస్తుందా అన్నదే వాడి గొడవ. అంటే వాడికి నచ్చింది తయారీ. మీవారు ఇష్టాన్ని సరిగ్గానే పట్టుకున్నారు, దానికి పెట్టిన కోర్సు పేరు దగ్గరే నాకు అనుమానం.

కిట్‌లో సీటు ఎందుకు బాగుండదో ఒకసారి చెప్పనివ్వండి, ఎందుకంటే వాడి కెరీర్ దారి ఇందులోనే ఉంది. కిట్ భాగాలు ఉక్కు అచ్చులో కరిగిన ప్లాస్టిక్‌ని ఒత్తిడితో పంపి తీస్తారు. అచ్చు రెండు ముక్కలుగా విడిపోవాలి, భాగం ఎక్కడా పట్టుకోకుండా బయటికి రావాలి. ఇడ్లీ రేకులో గుంట అంచులు వాలుగా ఉంటాయి కాబట్టే ఇడ్లీ ఊడి వస్తుంది కదా, అలా అచ్చు గోడలకి కూడా వాలు ఇస్తారు. భాగం ఆ గోడల వెంటే జారి బయటికి రావాలి కాబట్టి పక్క గోడల మీద ఉండాల్సిన గీతలు, బోల్టులు సరిగ్గా రావు. లోపలికి తిరిగిన మడతలు మామూలు అచ్చులో అసలు రావు. సీటు బెల్టు గాలిలో వేలాడలేదు కాబట్టి సీటుకి అంటుకుపోయిన గట్టులా వస్తుంది. ఇక మందం సంగతి. 1/48 స్కేలులో ఒక మిల్లీమీటరు మందం అంటే అసలు విమానంలో 48 మిల్లీమీటర్లు. కిట్‌లో చక్రాల తలుపు ఒక మిల్లీమీటరు మందం ఉంటే, పల్చని అల్యూమినియం రేకు కాస్తా యుద్ధ ట్యాంకు కవచం అయిపోయినట్టే.

మీవాడు ఈ లోపాలన్నీ కంటితో పట్టుకున్నాడు. పట్టుకుని ఊరుకోలేదు. పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు కోసి తలుపు మళ్లీ చేస్తున్నాడు. కిట్ ఫ్రేము ముక్కని కొవ్వొత్తి సెగ మీద మెత్తబరిచి, లాగి, వెంట్రుకంత తీగలు తీస్తూ ఉండాలి. ఈ పని చేసేవాళ్లంతా చేస్తారు కాబట్టి వాడూ చేస్తూనే ఉంటాడు. సూదుల సంగతి కూడా నాకు అర్థమైంది. మిగ్-21 ముక్కు మీద గాలి వేగం కొలిచే పొడవాటి పిటో గొట్టం ఉంటుంది. సన్న సూదిని లావు సూదిలోకి దూర్చితే అది మెట్టుమెట్టుగా సన్నబడుతూ అచ్చం అలాగే వస్తుంది, ప్లాస్టిక్‌లా విరగదు. రాగి తీగలు చక్రాల గుంటలోని హైడ్రాలిక్ పైపులకి. అసలు పైపు 6 మిల్లీమీటర్లు ఉంటే ఇక్కడ 0.125 రావాలి. ఛార్జర్ వైరులోని ఒక్కో పోగు దాదాపు అంతే ఉంటుంది.

ఇందులో చేతి పనికంటే కష్టమైనది ఇంకోటి ఉంది. అసలు కొలతని యథాతథంగా 48తో భాగిస్తే కొన్ని భాగాలు కంటికి కనపడవు, కొన్ని చేత్తో పట్టుకోలేనంత పల్చనైపోతాయి. ఏది ఉన్నదున్నట్టు చేయాలి, దేనికి అంచు మాత్రం పల్చగా అరగదీసి కంటిని నమ్మించాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలు గంటకి పది ఉంటాయి. పదిహేనేళ్లవాడు ఎవరూ చెప్పకుండా ఇవి తీసుకుంటున్నాడంటే నేనైతే మాన్పించమని చెప్పను.

ఇక దారులు. మొదటిది చాలామంది తల్లిదండ్రులకి తెలియనిది: టూల్ అండ్ డై, అంటే అచ్చులూ పనిముట్లూ తయారుచేసే చదువు. హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1968లో పెట్టారు. అందరూ సీఐటీడీ అంటారు. పది పాసైనవాళ్లకి అక్కడ టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్‌లో నాలుగేళ్ల డిప్లొమా ఉంది. మీవాడు తిట్టుకుంటున్న ఆ అచ్చులు ఎలా గీస్తారు, ఎలా కోస్తారు, వాలు ఎంత పెట్టాలి అన్నదే అక్కడి చదువు. ఫోన్ కవరు నుంచి కారు డాష్‌బోర్డు దాకా అచ్చు లేకుండా ఏదీ రాదు. విమానాలకీ సంబంధం ఉంది. హైదరాబాద్ పక్కన ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సీ-130జే విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. ఆ భాగాల్ని కదలకుండా బిగించి పట్టుకునే జిగ్‌లు, ఫిక్చర్లు గీసేది టూల్ డిజైనర్లే.

డిప్లొమా అనగానే మీవారి ముఖం మారుతుందని తెలుసు. పదయ్యాక డిప్లొమా అంటే మార్కులు రానివాళ్లకి అన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. టూల్ రూముల, అంటే ఈ అచ్చులు తయారయ్యే వర్క్‌షాపుల, విషయంలో అది తప్పని నా అభిప్రాయం. అయినా ఇంటర్, ఇంజనీరింగ్ దారే కావాలనుకుంటే మెకానికల్ చేసి, తర్వాత సీఐటీడీలోనే ఇంజనీర్ల కోసం ఉన్న టూల్ డిజైన్ కోర్సులకి వెళ్లొచ్చు. డిప్లొమాలో చేరేటట్టయితే మాత్రం, దాని మీద బీటెక్‌లో చేరే వీలు ఏ నిబంధనలతో ఉందో చేరకముందే సంస్థలో అడిగి కాగితం మీద చూసుకోండి. బంధువుల మాట మీద నమ్మకండి, నా మాట మీద కూడా.

రెండో దారి ప్రొడక్ట్ డిజైన్. ఇంటర్ ఏ గ్రూపైనా సరే, నాలుగేళ్ల బి.డిజైన్. మన రాష్ట్రంలోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) ఉంది. అహ్మదాబాద్‌లో పాతది ఉండనే ఉంది. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ బాంబే లాంటిచోట్ల బి.డిజైన్‌కి జేఈఈ అక్కర్లేదు, యూసీడ్ అనే పరీక్ష రాయాలి. ఎన్ఐడీ పరీక్ష రెండో దశలో ఇచ్చిన సామాన్లతో అక్కడికక్కడే ఏదైనా చేసి చూపించే పని ఉంటుంది. కోచింగ్ తీసుకున్న పిల్లలు కూడా అక్కడే తడబడతారు, మీవాడు తడబడడు. కానీ వాడికి ఒక లోటు ఉండొచ్చు: గీయడం. ఫోటో చూసి నేరుగా ప్లాస్టిక్ కోసే పిల్లలకి పెన్సిల్ మీద ఓపిక ఉండదు. ఈ రెండు పరీక్షల్లోనూ బొమ్మ గీయకుండా గట్టెక్కలేరు. ఇంకో సంగతి, ఇంటర్ రెండో ఏడాది జనవరికల్లా యూసీడ్ రాసేయాలి, దరఖాస్తులు అంతకు ముందే ముగుస్తాయి. ఏటా కొందరు తల్లిదండ్రులు మార్చి పరీక్షలయ్యాక నా దగ్గరికి వచ్చి దీని గురించి అడుగుతారు. అప్పటికి ఏడాది పోయినట్టే.

ఏరోనాటికల్ గురించి మీవారికి ఒక మాట. అందులో సింహభాగం గణితం, ద్రవాల ప్రవాహం, నిర్మాణాల లెక్కలు. వాడికి అవి ఇష్టమైతే నిరభ్యంతరంగా చేయించండి, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యా సంస్థ ఐఐఎస్‌టీలో ఏరోస్పేస్ ఉంది. లేకపోతే మెకానికల్ మంచిది. విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్, డీఆర్‌డీఓ, ఇస్రోల్లో మెకానికల్ వాళ్లకి చోటు ఎక్కువ, రేపు ఆసక్తి మారితే వేరే రంగాలూ తెరిచి ఉంటాయి. ఏ సౌకర్యాలూ లేని చిన్న కాలేజీలో ఏరోనాటికల్ అనే బోర్డు చూసి ఫీజు కట్టడం మాత్రం వద్దు. ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ కోర్సులకీ అదే జాగ్రత్త వర్తిస్తుంది: విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థల జాబితాలో పేరుందో లేదో చూడకుండా అడుగు వేయకండి.

నమూనాలు చేయడమే ఉద్యోగంగా ఉంటుందా? ఉంది, కానీ ఇరుకు. ఆర్కిటెక్టులకి భవనాల నమూనాలు, మ్యూజియంలకి, రక్షణ సంస్థలకి ప్రదర్శన నమూనాలు చేసేవాళ్లు ఉన్నారు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ లాంటిచోట్ల గాలిని వేగంగా పంపి పరీక్షించే విండ్ టన్నెల్‌లో పెట్టడానికి లోహంతో నమూనాలు చేస్తారు, వాటి ఉపరితలం కాస్త తేడా వచ్చినా ఫలితం తప్పుతుంది. అవి చేసేవాళ్లు కూడా టూల్ రూము చదువు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ నప్పుతారు. కిట్లు అతికించి అమ్ముకుని బతుకుదామనే ఆలోచన వాడికి ఉంటే, పాకెట్ మనీ దాకా సరే అనండి.

బొమ్మలాట అన్న మాటకి ఒక జవాబు మీవారికి చెప్పండి. 1942లో, యుద్ధం మధ్యలో, అమెరికా నౌకాదళం తమ దేశంలోని హైస్కూలు పిల్లల్ని 5 లక్షల విమాన నమూనాలు చెక్కతో చేసిమ్మని అడిగింది. శత్రువు విమానమేదో, మనదేదో సైనికులు చూపుతోనే గుర్తుపట్టడానికి. 1/72 స్కేలులో చేయించారు. పది మీటర్ల దూరంలో పట్టుకుంటే 720 మీటర్ల అవతల అసలు విమానం ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. కొలత తప్పిన నమూనా అక్కడ పనికిరాదు.

రెసిడెన్షియల్ కాలేజీ విషయంలో నేను మీవారితో విభేదిస్తాను. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లున్న హాస్టల్లో బ్లేడు, జిగురు పెట్టనివ్వరు. రెండేళ్లు చేయి ఆగిపోతే కన్ను కూడా మొద్దుబారుతుంది. ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ చూడండి. దానికి బదులు వాడూ ఒక ఒప్పందానికి రావాలి: పరీక్షల నెల కిట్ పెట్టెలో ఉండాలి, మామూలు రోజుల్లో చదువు అయ్యాకే బల్ల. ఆ 80 శాతంలో గణితానికి ఎన్ని వస్తున్నాయో విడిగా చూడండి. పైన చెప్పిన దారుల్లో దేనికైనా గణితం, జ్యామితి గట్టిగా ఉండాలి. మొత్తం శాతం కంటే నాకు ఆ మార్కు ముఖ్యం.

ఈ ఏడాది డబ్బు పెద్దగా ఖర్చు కాని పనులు కొన్ని. చేయబోయే ప్రతి భాగాన్నీ ముందు, పైన, పక్క నుంచి కొలతలతో నోట్‌బుక్‌లో గీసి తర్వాతే కోయమనండి. రంగు వేయకముందే ఫోటోలు తీయించండి. తెల్ల ప్లాస్టిక్, ఎర్ర రాగి, వెండి రేకు విడివిడిగా కనపడుతున్నప్పుడే ఏది కిట్‌ది, ఏది వాడి చేతిది అని ఇంటర్వ్యూ చేసేవాళ్లకి తెలుస్తుంది. రంగు పడ్డాక అంతా కొన్న బొమ్మలాగే ఉంటుంది. చెడిపోయిన ముక్కలు కూడా పారేయొద్దు, మూడో ప్రయత్నంలో ఎందుకు కుదిరిందో చెప్పగలిగితే అదే మంచి పోర్ట్‌ఫోలియో. కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ఫ్రీక్యాడ్ ఉచితమే, పది పరీక్షల తర్వాత సెలవుల్లో మొదలుపెట్టొచ్చు. త్రీడీ ప్రింటర్లు వచ్చాక చేతిపని ఎందుకని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఏ మందం నిలబడుతుందో, ఏది విరుగుతుందో చేత్తో తెలిసినవాడు గీసిన డ్రాయింగే ప్రింటర్లోంచి సరిగ్గా వస్తుంది.

ఆర్కే బీచ్‌లో 2017 చివర్లో తెరిచిన టీయూ-142 విమాన మ్యూజియం మీకు ఎలాగూ దగ్గరే. సెల్ఫీలకి కాకుండా చక్రాల కాళ్లు, పైపుల బిగింపులు, రివెట్ల వరసలు చూసి గీసుకోవడానికి ఒక పూట పంపండి. ఆటోనగర్‌లో తెలిసినవాళ్లు ఉంటే లేత్, మిల్లింగ్ మిషన్లు ఉన్న షాపులో ఒకరోజు నిలబెట్టండి. ఆ నూనె వాసన, ఆ చప్పుడు వాడికి చిరాకు తెప్పిస్తే టూల్ రూము దారి పక్కన పెట్టి డిజైన్ వైపు చూడొచ్చు. కళ్లు మెరిస్తే మనకి సగం జవాబు దొరికినట్టే. హైదరాబాద్ వెళ్లినప్పుడు సీఐటీడీతో పాటు రాయదుర్గంలోని టీ-వర్క్స్ కూడా చూపించండి. కొత్త వస్తువులకి తొలి నమూనాలు చేసే యంత్రాలన్నీ ఒకేచోట ఉంటాయి.

సూదుల గురించి మీరు అడగకపోయినా చెప్పాలి. వాడేసినవి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, మందుల షాపులో కొత్తవి కొని, మొన విరిచి ఇవ్వండి. ప్లాస్టిక్ రాపిడి పొడి తడి ఎమ్రీ పేపరుతో గీకితే గాలిలో లేవదు. జిగురు వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి.

ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ పది పరీక్షలయ్యాక కొనండి, మాస్కూ, గాలి బయటికి పోయే చోటూ చూసుకున్నాక. ఇప్పుడైతే ఒక డిజిటల్ వెర్నియర్ కాలిపర్ కొనివ్వండి, ఆ రెండిటి ఖర్చులో చిన్న వంతుకే వస్తుంది. వాడికి ఇప్పుడు రంగు కంటే కొలతతో పని ఎక్కువ.