పాత జేక్వెరీ సైట్‌పై ఇంటర్న్‌షిప్.. వెనకబడిపోతానా?

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతున్నా. ఇంటర్న్‌షిప్‌లో పాత జేక్వెరీ (జావాస్క్రిప్ట్ రాయడాన్ని తేలిక చేసే లైబ్రరీ) వెబ్‌సైట్ చూసుకోమన్నారు. స్లైడర్లు, గ్యాలరీల సెట్టింగ్‌లన్నీ హెచ్‌టీఎంఎల్ ట్యాగుల్లోనే రాసి ఉన్నాయి. ఫ్రెండ్సేమో రియాక్ట్ అనే కొత్త తరం జావాస్క్రిప్ట్ లైబ్రరీ నేర్చుకుంటున్నారు. నాకు టైమ్ వేస్టేనా?
- ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: వేస్ట్ కాదమ్మా. కాకపోతే ఆ సెట్టింగ్‌లు ట్యాగులో ఎందుకున్నాయో, వాటిని ఎవరు ఎప్పుడు చదువుతున్నారో తెలుసుకుంటేనే ఈ పని మీకు పనికొస్తుంది.

ఒకప్పుడు ఇలాంటి వివరాలను క్లాస్ అట్రిబ్యూట్‌లోనే (అట్రిబ్యూట్ అంటే ట్యాగు లోపల పేరు, విలువ జతగా రాసే వివరం) బ్రాకెట్లు పెట్టి ఇరికించేవారు. వాటిని చదవడానికి జేక్వెరీకి మెటాడేటా అనే ప్లగిన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉండేది. హెచ్‌టీఎంఎల్5తో ఇలాంటి సొంత వివరాలు రాసుకోవడానికే 'డేటా-' అట్రిబ్యూట్లు వచ్చాయి. 2010లో జేక్వెరీ 1.4.3 వాటిని నేరుగా చదవడం మొదలుపెట్టింది. మీ సైట్‌లో రెండు పద్ధతులూ కలిసి ఉండొచ్చు, వెతికి చూడండి.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. స్లైడర్ ట్యాగులో డేటా-స్పీడ్ విలువ 500 అని ఉందనుకుందాం. ఈ అట్రిబ్యూట్లను చదవడానికి జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న డేటాసెట్‌తో దాన్ని తీసుకుని 100 కలపండి. 600 రాదు, 500100 వస్తుంది. డేటాసెట్ ఇచ్చేది ఎప్పుడూ స్ట్రింగే, అంటే అంకెలున్నా అక్షరాల వరుసే. అదే జేక్వెరీ డేటా మెథడ్‌తో తీసుకుంటే అది నంబర్‌గా మార్చి ఇస్తుంది కాబట్టి 600 వస్తుంది. ఇంకో చిక్కుంది. జేక్వెరీ ఆ అట్రిబ్యూట్‌ను మొదటిసారి మాత్రమే చదివి దాచుకుంటుంది. తర్వాత మీరు ట్యాగులో విలువ మార్చినా పాతదే ఇస్తుంది. కోడ్ చూస్తే అంతా బాగానే ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం మార్పు కనిపించదు. ఇంటర్వ్యూలో ఇలాంటి బగ్ ఒకటి ఎలా పట్టుకున్నారో చెప్పగలిగితే మీ మాటకు బరువుంటుంది.

వెబ్ పేజీలకు రెడీమేడ్ డిజైన్లు ఇచ్చే బూట్‌స్ట్రాప్ 5 తన అట్రిబ్యూట్ల పేర్లలో 'బీఎస్' ఎందుకు చేర్చిందో కూడా చూడండి. ఒకే పేజీలో పది ప్లగిన్లు ఉంటే అన్నీ 'టాగుల్' అనే పేరే వాడితే గొడవే కదా!

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నా. వస్తువు ధరను డేటా అట్రిబ్యూట్‌లో చూపించినా, బిల్లు దాన్నిబట్టి వేయకండి. ఎవరైనా బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ తెరిచి మార్చేయగలరు. లెక్క సర్వర్‌లోనే జరగాలి.

రియాక్ట్ తప్పకుండా నేర్చుకోండి. పాత సైట్‌లోని ఒక మూల రియాక్ట్ పెట్టాల్సి వస్తే, దానికి మొదటి వివరాలను అందించడానికి చాలాచోట్ల ఈ అట్రిబ్యూట్లనే వాడతారు. ముందుగా జేక్వెరీ లేకుండా సొంతంగా ఒక చిన్న గ్యాలరీ ప్లగిన్ రాయండి. ఒకే పేజీలో వేర్వేరు సెట్టింగ్‌లతో రెండుసార్లు పనిచేయాలి. దాన్ని గిట్‌హబ్‌లో పెట్టి, రెజ్యూమెలో 'జేక్వెరీ మెయింటెనెన్స్' అన్న చోట ఆ లింకూ, మీరు సరిచేసిన బగ్ గురించి రెండు లైన్లూ రాయండి.