ఖాళీ లారీ తిప్పితే సరిపోతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. ట్రైనింగ్ స్కూల్లో వారం రోజులు మైదానంలో ఖాళీ లారీ తిప్పించి హెవీ లైసెన్సు ఇప్పించారు. ఇప్పుడు ఓనరు లోడుతో మారేడుమిల్లి ఘాట్ మీదుగా ఒక్కడినే వెళ్లమంటున్నాడు. పంపమంటారా?
— ఓ తల్లి, రాజమండ్రి

జవాబు: ఒంటరిగా మాత్రం పంపొద్దమ్మా. నేను ఆరేళ్లు క్లీనరుగా తిరిగాకే మా గురువు స్టీరింగు ఇచ్చాడు. అయినా మొదటిసారి లోడుతో ఘాట్ దిగుతూ బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేదు. మూడో మలుపుకల్లా బ్రేకు లైనర్లు మాడిన వాసన! ఆయన తిట్టలేదు. బండి పక్కకు ఆపించి, డ్రమ్ములు చల్లారేదాకా నన్ను రాయి మీద కూర్చోబెట్టాడు. "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలిరా" అన్నాడు. ఖాళీ బండి ఈ పాఠం చెప్పదు.

ప్రభుత్వ గుర్తింపు ఉన్న డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లలో హెవీ కోర్సు 6 వారాలు, 38 గంటలు. వీలైతే అందులో చేర్చండి. తర్వాత ఆరు నెలలైనా పెద్ద డ్రైవరు పక్కన రెండో డ్రైవరుగా వెళ్లాలి. కదిలే ముందు బ్రేకుల ఎయిర్ ప్రెషర్ చూసుకోవడం, దిగుడులో ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డగించి బండి వేగం తగ్గించేది) వాడటం అలాగే చేతికొస్తాయి. డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వెయ్యమనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట అస్సలు విననివ్వకండి. ఓనరు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలెయ్యమనండి, ఇంకో బండి దొరుకుతుంది.