చేపలు పట్టే పాత ఇత్తడి రీల్ (గాలం దారం చుట్టేది) హ్యాండిల్ పావు చుట్టు తిరిగి ఆగిపోతోంది: సమాధానం

హ్యాండిల్ అలా ఆగిపోవడానికి కారణం తుప్పు అని మీరు అనుకుంటున్నారు గానీ, దాదాపు ఖాయంగా లోపలి పాత గ్రీజు ఎండిపోయి మైనంలా గడ్డకట్టి ఉంటుంది. బలవంతంగా తిప్పకండి. ఇత్తడి గేర్ పన్ను ఒక్కటి విరిగినా అలాంటిది మళ్లీ దొరకడం కష్టం.

1. ఇరుసు దగ్గర పలచటి నూనె రెండు చుక్కలు వేసి ఒక రోజు వదిలేయండి.

2. తర్వాత స్క్రూలు విప్పాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, స్క్రూడ్రైవర్ దగ్గర. మామూలు దాని మొన చివరికి సన్నబడుతుంది కాబట్టి పాత స్క్రూ గాడిలో అడుగుదాకా కూర్చోదు, జారి అంచులు తినేస్తుంది (నా మొదటి రీల్ మీద ఆ గీత ఇప్పటికీ ఉంది). తుపాకుల రిపేరుకి వాడే, మొన చివరిదాకా ఒకే మందంతో ఉన్నది, గాడికి బిగుతుగా సరిపోయేది తీసుకోండి. కొన్ని రీళ్ల హ్యాండిల్ స్క్రూకి మర ఎడమవైపు ఉంటుంది, అంటే మామూలుకి వ్యతిరేక దిశలో విప్పాలి; కదలకపోతే రెండో వైపు కూడా మెల్లగా చూడండి.

3. ఏ స్క్రూ ఏ రంధ్రానిదో ఫోటో తీసుకోండి. చేత్తో చేసిన రీళ్లలో ఒకదానిది ఇంకోదానికి సరిగ్గా పట్టకపోవచ్చు.

4. గేర్లు కిరసనాయిల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. పిడి నల్ల ఎబోనైట్ (గట్టిపరచిన రబ్బరు) అయితే వేడినీళ్లు తగలనివ్వకండి, రంగు మారిపోతుంది.

పాలిష్ మాత్రం వద్దు, ఇత్తడికి ఏళ్లతరబడి పట్టిన ఆ ముదురు రంగు పోతే కొనేవాళ్లు రీల్‌ని పక్కన పెట్టేస్తారు.