పరాయి పాటలో పాడబోయే అమ్మలూకి

చిరంజీవి అమ్మలూకి పెద్దమ్మ దీవెనలు.

మొన్న నువ్వు ఫోను పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. హైదరాబాదు ర్యాప్ కుర్రాళ్ళు, చెన్నై గిటార్ల బ్యాండు, క్రిస్మస్ పాటలకి నరసాపురం చర్చివాళ్ళు, ముగ్గురూ ఒక్క నెలలోనే పిలిచారన్నావు. "హరికథ నేర్చుకున్న గొంతు, పాడైపోతుందేమో పెద్దమ్మా" అని నువ్వంటే అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. మూడింటికీ వెళ్ళు.

వేరే రకం పాట పాడితే గొంతు చెడదు. మనది కాని శ్రుతిలో, అంటే మన గొంతుకి అందని స్థాయిలో, అరిస్తే చెడుతుంది. మన రాజోలు తాలూకా శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ గారు ఠాగూరు కట్టిన రవీంద్ర సంగీతం పాడారు, సినిమాల్లో పాడారు, హిందూస్తానీ గాయకుడు భీమ్‌సేన్ జోషి గారితో జుగల్బందీగా కలిసి పాడారు. ఆయన కర్ణాటక సంగీతానికి ఏం లోటొచ్చింది? ఫ్రెడ్డీ మెర్క్యురీ అనే రాక్ గాయకుడు 1987లో ఒపెరా గాయని కబాయేతో కలిసి పాడిన పాట మీ అన్నయ్య నాకు వినిపించాడు. మూడుసార్లు పెట్టించుకున్నాను. ఆవిడ ఒపెరా గొంతుతోనే పాడింది, అతను రాక్ గొంతుతోనే పాడాడు. ఒకరి గొంతు ఇంకొకరు తెచ్చుకోవాలని చూడలేదు. నిన్ను పిలిచిన వాళ్ళు కూడా నీ గొంతు కోసమే పిలిచారు. అక్కడికెళ్ళి ముక్కుతో ఇంగ్లీషు యాసలో పాడితే వాళ్ళకి నువ్వెందుకు?

ముందు శ్రుతి సంగతి. నీది ఐదున్నర, వాళ్ళ లెక్కలో జీ షార్ప్. ట్రాక్ ఏ స్వరం మీద కట్టారో ఒప్పుకోకముందే అడుగు. ఎక్కువైతే దింపమని అడగడానికి మొహమాటపడకు. కీబోర్డు మీద కట్టేటప్పుడైతే అది నిమిషం పని. గిటార్లన్నీ వాయించేశాక అడిగితే వాళ్ళకి పని మళ్ళీ మొదటికొస్తుంది, నీకు చెడ్డపేరూ వస్తుంది.

ఇక గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడటం. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఇరవై ఏళ్ళ కిందట రాజమండ్రిలో ఒక స్టూడియోలో గిటార్ మీద పాడమన్నారు. నేను సహాన రాగం ఎత్తుకున్నాను. గాంధారం, అదే "గ" స్వరం, దగ్గరికొచ్చేసరికి అన్నంలో రాయి తగిలినట్టయింది. మళ్ళీ పాడాను, మళ్ళీ అంతే. ఆ అబ్బాయి నన్నేమీ అనలేదు. కాసేపు తల వంచుకుని తీగలకేసి చూసి, "అమ్మా, మీరు ఊపుతున్న గాంధారం నా గిటార్ మెట్ల మీద లేదండి, నేను తప్పుకుంటాను" అన్నాడు. తీగ మీంచి ఒక వేలు తీసేసి, ఆ తీగ మీటడం మానేశాడు. అంతే, షడ్జమం పంచమం, అంటే "స", "ప" మాత్రం మిగిలాయి. మూడో స్వరం ఖాళీ అయ్యేసరికి నా గాంధారానికి చోటొచ్చింది. నేనూ చరణంలో, ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే సంగతులు రెండు తగ్గించుకున్నాను. ఆ రోజు పాడినంత సుఖంగా నేను కచేరీల్లో కూడా ఎప్పుడోగాని పాడలేదు.

చెన్నై వాళ్ళతో ఈ మాట ముందే మాట్లాడుకో. శంకరాభరణం, మోహనం, కీరవాణి, ఖరహరప్రియ రాగాలైతే వాళ్ళ స్కేళ్ళతో పెద్ద పేచీ ఉండదు. తోడి, సహాన మటుకు గమకం తీసేస్తే బతకవు. అవే కావాలంటే గాంధారం పలికే తీగని వాళ్ళనే వదిలేయమను. గట్టిగానే అడుగు.

ర్యాప్‌కి భయపడుతున్నావు కానీ, మూడింట్లోనూ నీకు తేలికైంది అదే. కాళ్ళకి గజ్జెలు కట్టి, చేత్తో చిడతలు నడిపిస్తూ, లయ తప్పకుండా వచనం చెప్పిన పిల్లవి. నాలుగేసి దెబ్బల బీటు రెండుసార్లు తిరిగితే ఎనిమిది దెబ్బల నీ ఆది తాళం ఒక ఆవర్తనం, అంటే ఒక చుట్టు, అయిపోతుంది. ఆ అబ్బాయి మాట దెబ్బ మీద పడుతోందా, దెబ్బకి రవ్వంత వెనక పడుతోందా అన్నది విను. వెనక పడుతుంటే నువ్వు తరుముకుపోకు. పాటలో ఎక్కడ పాడకూడదో కూడా అతన్నే అడుగు. అతని మాటల మీద నీ ఆలాపన కప్పేస్తే వినేవాళ్ళకి రెండూ దక్కవు.

మైకు గురించి ఒక్క మాట. అంతర్వేది తీర్థంలో కథ చెప్పేటప్పుడు ఆ చివర శనక్కాయలమ్మే వాడికి కూడా వినబడాలని పాడతాం. స్టూడియోలో ఆ బలం పనికిరాదు. జానెడు దూరంలో నిలబడి, పక్కన పడుకున్న పిల్లకి చెప్పినట్టు పాడు. ప, ఫ, భ వచ్చినప్పుడు మొహం కొంచెం పక్కకి తిప్పు, లేకపోతే ఊపిరి మైకులో టప్పున పేలుతుంది.

చర్చివాళ్ళ పాటలు పరాయివనుకోకు. తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడు, పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. అయితే ఆ పాట జనమంతా కలిసి పాడుకోడానికి. నీ ఐదున్నరలో ఎత్తుకుంటే ముసలివాళ్ళు అందుకోలేరు, వాళ్ళ కోసం దిగు. సంగతులు వద్దు. అర్థం తెలియని మాట ఒక్కటున్నా పాస్టరుగారిని అడిగి తెలుసుకో. నమ్మి పాడుకునే వాళ్ళ మధ్య నోటిమాటగా పాడకూడదు.

ఎక్కడికెళ్ళినా శ్రుతి, మాట స్పష్టత వదలకు. "ళ" ని "ల" చేయమంటే ఒప్పుకోకు. రాగం, వేగం, గొంతు బలం అన్నీ వాళ్ళ పాటకి తగ్గట్టు మార్చుకో.

కాగితం సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. కాసెట్ల రోజుల్లో ఒకరి భక్తి పాటల కాసెట్‌కి మూడు పాటలు పాడాను. అట్ట మీద "బృందం" అని వేశారు. నా పేరు లేదు. మా అమ్మ ఆ అట్టని అటూ ఇటూ తిప్పి వెతికింది. అది నేనింకా మర్చిపోలేదు. మీ రోజులు మెరుగు. 2012లో కాపీరైటు చట్టం సవరించాక గాయకులకి రాయల్టీ హక్కు గట్టిపడింది, పాడినవాళ్ళ పేరు చెప్పాలన్న హక్కూ ఉంది. ప్రదర్శన మీద నీ హక్కు 50 ఏళ్ళుంటుంది. 2013లో గాయకులు ఇస్రా అని సొంత సంఘం కూడా పెట్టుకున్నారు, ఇప్పుడు దాన్ని ఇసామ్రా అంటున్నారు, అందులో చేరు. పాడకముందే ఒక్క కాగితం రాయించుకో: పేరు ఎక్కడ, ఏ అక్షరాలతో వేస్తారు, డబ్బెంత, ఎప్పుడిస్తారు, రీమిక్స్ చేసినా కంప్యూటర్‌తో నీ గొంతు తయారుచేసినా నిన్ను అడగాలా వద్దా. స్నేహితులైనా సరే రాయించుకో. వాయిద్యాలు కలపని నీ గొంతు ఫైలు ఒకటి నీ దగ్గర ఉంచుకో.

నీ చిడతలు ఇక్కడే మర్చిపోయావు, బీరువాలో దాచాను. ఆదివారం మీ పెదనాన్న భీమవరం వస్తున్నారు, ఇచ్చి పంపిస్తాను. హైదరాబాదు వెళ్ళేటప్పుడు సంచిలో పెట్టుకో. ఆ ర్యాప్ కుర్రాళ్ళకి ఒకసారి వాయించి వినిపించు.

నీ పెద్దమ్మ