అడవి పోయింది సరే, బదులు మొక్కలు ఎక్కడ?

ప్రశ్న: మా ఊరి పక్క రిజర్వ్ ఫారెస్టులో కొంత రోడ్డు విస్తరణకు పోయింది. బదులుగా వేరేచోట మొక్కలు నాటారట. ఎక్కడో అడిగితే ఎవరూ చెప్పడం లేదు. ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, ములుగు జిల్లా

జవాబు: ముందు ఆ రోడ్డు దరఖాస్తుకిచ్చిన ప్రపోజల్ నంబరు పట్టుకోండి. అటవీ భూమి మళ్లింపు దరఖాస్తులు కేంద్ర పర్యావరణ శాఖ 'పరివేశ్' పోర్టల్‌లో ఉంటాయి. నంబరు 'ఎఫ్‌పీ/టీజీ/రోడ్/...' తరహాలో మొదలై వరుస సంఖ్య, సంవత్సరంతో ముగుస్తుంది. మీ ఊరి పేరు కొడితే తరచూ ఏమీ రాదు. దరఖాస్తు పెట్టింది రోడ్ల శాఖ కాబట్టి అందులో రోడ్డు పేరే ఉంటుంది. రాష్ట్రం, పని రకం, సంవత్సరం ఎంచుకుని జాబితా మొత్తం చూడటం మేలు. పోర్టల్ వచ్చింది 2018లో. బాగా పాత అనుమతుల కాగితాలు అటవీ డివిజన్ ఆఫీసు బీరువాల్లోనే ఉంటాయి.

ఫైల్లో రెండు ఉత్తరాలు ముఖ్యం: మొదటి దశ (సూత్రప్రాయ) అనుమతి, రెండో దశ (తుది) అనుమతి. ఎన్ని హెక్టార్లు పోయాయి, బదులు భూమి ఎంత, ఎక్కడ, ఏ షరతులతో అన్నవి వాటిలో ఉంటాయి. నాటే స్థలం హద్దులను మ్యాపుపై చూపే కేఎంఎల్ ఫైలు కూడా జతచేసి ఉంటే దించుకుని గూగుల్ ఎర్త్‌లో తెరవండి. పాత చిత్రాలు చూపే గడియారం గుర్తు నొక్కి, నాటకముందు, నాటాక ఎలా ఉందో పోల్చండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. సెప్టెంబరు చిత్రంలో గడ్డి కూడా అడవిలా పచ్చగా కనిపిస్తుంది, ఏప్రిల్ చిత్రంలో ఆకురాల్చిన టేకు తోట బోడిగా ఉంటుంది. అందుకే వేర్వేరు ఏళ్లలో ఒకే నెల చిత్రాలు తీసుకోండి. గడ్డి ఎండి, చెట్లకు ఆకులు ఇంకా ఉండే డిసెంబరు అయితే మంచిది. నాటకముందే ఆ గీతల మధ్య దట్టమైన అడవి ఉంటే అనుమానించాల్సిందే. చెట్లున్న చోట కొత్తగా ఎన్ని మొక్కలు పడతాయి?

'ఈ-గ్రీన్ వాచ్' పోర్టల్‌లోనూ ప్లాంటేషన్ హద్దులు ఉంటాయి గానీ, అందులో లేనంత మాత్రాన నాటలేదని తేల్చేయకండి. అసలు నమోదే చేయని సందర్భాలుంటాయి.

ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. డీఎఫ్ఓ (డివిజన్ అటవీ అధికారి) ఆఫీసు పౌర సమాచార అధికారి పేరిట, 10 రూపాయల ఫీజుతో. "ఎందుకు నాటలేదు?" అని రాస్తే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. కాగితాల పేర్లు రాయండి: తుది అనుమతి నకలు, ప్లాంటేషన్ జర్నల్ (నాటిన పనుల రికార్డు), కంపార్ట్‌మెంట్ (అడవిలోని విభాగం) లేదా సర్వే నంబర్లు, ఏడాదివారీగా బతికిన మొక్కల లెక్క, ఖర్చు బిల్లులు. సెక్షన్ 2(జె) కింద స్థలాన్ని, ఫైలును స్వయంగా చూసే హక్కు కూడా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆపై 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

ప్రశ్న: పోయినంత భూమే ఇవ్వాలా, రెండింతలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మామూలుగా అడవి కాని భూమి అంతే విస్తీర్ణంలో ఇవ్వాలి. అది అటవీ శాఖ పేరిట మారి, రక్షిత లేదా రిజర్వ్ అడవిగా నోటిఫై కావాలి. అలాంటి భూమి లేదని తేలినప్పుడు, కొన్ని ప్రభుత్వ రంగ ప్రాజెక్టులకూ, క్షీణించిన అడవిలో రెండింతల మేర నాటితే సరిపోతుంది. కాగితం మీద రెండింతలు పెద్దగా కనిపిస్తుంది, కానీ అడవి విస్తీర్ణం గజం కూడా పెరగదు. అసలు చిక్కు భూమి దగ్గరే. 2006–12 మధ్య దేశంలో 1,03,381 హెక్టార్ల అటవీయేతర భూమి రావాల్సి ఉండగా 28,086 హెక్టార్లే వచ్చిందని కాగ్ 2013 నివేదికలో తేల్చింది. కాబట్టి మొక్కల లెక్క కంటే ముందు భూమి నోటిఫికేషన్ అడగండి. బదులు అడవుల పెంపకం నిధిపై వచ్చిన 2016 చట్టం ప్రకారం, అడవి తీసుకున్నవారు కట్టే డబ్బులో 90 శాతం రాష్ట్ర 'కంపా' నిధికి వస్తుంది. ఆ నిధి వార్షిక పనుల ప్రణాళికలో మీ జిల్లా పద్దు కూడా అడగొచ్చు.

ప్రశ్న: నేనుండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడ ఇలాంటి వివరాలు దొరుకుతాయా?

జవాబు: కొంతవరకే. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడి నిర్మాణాల్లో చాలావాటికి జీవవైవిధ్యాన్ని 10 శాతం పెంచి, 30 ఏళ్లు కాపాడాలనే నిబంధన ఉంది. నిర్మాణ స్థలానికి బయట చేసే పెంపు వివరాలు 'నాచురల్ ఇంగ్లండ్' అనే ప్రభుత్వ సంస్థ బహిరంగ రిజిస్టరులో చూడొచ్చు. నిర్మాణ స్థలంలోనే చేసిన పెంపు మాత్రం అందులో ఉండదు. దానికి మీ కౌన్సిల్ ప్లానింగ్ ఫైల్లో 'బయోడైవర్సిటీ గెయిన్ ప్లాన్' అనే పత్రం వెతకాలి.